రేవు కొట్టు పద్దు పుస్తకం

(మాటల మీద పాఠకుల ప్రశ్నలు, ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు జవాబులు)

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయి ఎడింబరోలో చదువుకుంటోంది. అక్కడ ఓడల పాత లెక్కల్లో ‘ఔట్‌రీక్’ అనే మాట కనబడిందట. తెలుగులో దీన్ని ఏమంటారో చెప్పమని ఫోన్ చేసింది. నాకు తెలీక మీకు రాస్తున్నాను. – ఒక తల్లి, కందుకూరు

జవాబు: మంచి మాటే దొరికిందమ్మా మీ అమ్మాయికి. ఔట్‌రీక్ అనేది పాత స్కాట్స్ భాషలో మాట. స్కాట్స్ అంటే స్కాట్లాండ్‌లో మాట్లాడే, ఇంగ్లీషుకి తోబుట్టువు లాంటి భాష. ఓడని సముద్రంలోకి పంపే ముందు దానికి కావలసినవన్నీ సమకూర్చడం, సైనికుడికి ఆయుధం, బట్ట, తిండి చూసి పంపడం, ప్రయాణమయ్యే మనిషికి దారిలో కావలసినవి అమర్చడం, ఈ మూడింటికీ వాళ్లకి అదొక్కటే మాట. అక్కడ 1640ల యుద్ధాల్లో జిల్లాకి ఇంతమంది సైనికులని లెక్కకట్టి అడిగేవాళ్లు. మనిషిని పంపితే చాలదు, వాణ్ని సిద్ధం చేసి పంపే ఖర్చు కూడా ఆ ఊరి భూస్వాముల నెత్తినే పడేది.

ఈ మాటని నేను పుస్తకంలో కన్నా ముందు మా నాన్న కొట్లో చూశాను, అప్పటికి పేరు తెలియకపోయినా. కొత్తపట్నం రేవుకి పోయే దారిలో ఉండేది మా కొట్టు. మోకులు, లంగర్లు, వలకి కట్టే సీసం గుళ్లు, బెండ్లు, కిరసనాయిలు, బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉప్పు, అగ్గిపెట్టెలు అన్నీ అమ్మేవాళ్లం. వేటకి పోయే వాళ్లు వస్తే మా నాన్న ముందు ‘ఏం కావాల’ అని అడిగేవాడు కాదు. ‘యాడికి పోతుండారు? ఎంతమంది? ఎన్నాళ్లకి?’ అనేవాడు. ఆ మూడూ విన్నాక సామాను ఆయనే తీసి ముందర పెట్టేవాడు. నలుగురు, మూడు రోజులంటే బియ్యం ఇంత, మంచినీళ్ల పీపాలు ఇన్ని. అగ్గిపెట్టెలు మాత్రం ఎప్పుడూ రెండు, ఒకటి తడిసినా ఇంకోటి ఉంటుందని. ఔట్‌రీక్ అంటే అదీ. కొనుక్కునేవాడి లెక్క కాదు, పంపేవాడి లెక్క.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో స్కాట్లాండ్ వాళ్లకి బాగా తెలుసు. 1698 జూలైలో ఎడింబరో పక్కనున్న లీత్ రేవు నుంచి అయిదు ఓడలు బయల్దేరాయి. పనామా దగ్గర డేరియన్ అనే చోట వలస ఊరు కట్టాలని సుమారు 1,200 మంది వాటిలో ఎక్కారు. దేశమంతా డబ్బు పోగేసి పంపిన ఓడలవి. వాటిలో ఏం ఎక్కించారు? ఆ ఎండ దేశానికి ఉన్ని బట్టలు, విగ్గులు, దువ్వెనలు! తీరా బయల్దేరాక సరుకు లెక్క చూసుకుంటే తిండి అనుకున్న దానికన్నా బాగా తక్కువ. ఏడాది తిరిగేలోపే ఆ ఊరు వదిలేశారు. మళ్లీ ఓడలు పంపారు గానీ 1700 నాటికి అదీ ముగిసింది. ‘యాడికి పోతుండారు’ అని ఒక్కడు గట్టిగా అడిగి ఉంటే దువ్వెనల బదులు ఇంకో నాలుగు బస్తాల పిండి ఎక్కించేవాళ్లేమో!

ఇక తెలుగు సంగతి. మనకి మాటలు లేక కాదు, ఎక్కువై చిక్కు. ‘సన్నాహం’ అంటే ఇప్పుడు పెళ్లి పనులూ ఎన్నికల పనులూ గుర్తొస్తాయి. అసలు సంస్కృతంలో అది నడుము బిగించి కవచం తొడుక్కోవడం. అమరకోశంలో సన్నద్ధుడంటే కవచం తొడిగినవాడే. కాబట్టి అది సైనికుడి మాట. ప్రయాణికుడికి ‘దారి బత్తెం’ ఉంది. ఈ బత్తెం చుట్టాన్నే కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యం వాళ్లు ‘బట్టా’ అన్నారు. 1766లో బెంగాల్ గవర్నరు క్లైవు డబుల్ బట్టా ఆపేస్తే అక్కడి తెల్ల ఆఫీసర్లు మూకుమ్మడిగా రాజీనామాలకి దిగారు, తిండి ఖర్చు మీద అంత గొడవ. అత్తారింటికి పోయే ఆడపిల్లకైతే ‘సారె’. నన్నడిగితే సారె కూడా ఔట్‌రీకే, కాకపోతే ఓడకి సున్నుండలు పెట్టరు.

మూడింటికీ పనికొచ్చే ఒక్క మాట కావాలంటే నా ఓటు ‘సరంజామా’కి. పారశీకం నుంచి వచ్చింది. మరాఠా రాజ్యంలో సైన్యాన్ని పోషించడానికి సర్దారుకి ఇచ్చే భూమిని సరంజామ్ అనేవాళ్లు. మన దగ్గర అదే మాట వంటకీ, నాటకాలకీ, వేటకీ చెల్లుతుంది. పనిగా చెప్పాలంటే ‘సరంజామా అమర్చి పంపడం’ అని మీ అమ్మాయితో చెప్పండి. ‘పంపడం’ వదిలేయొద్దనండి, అసలు అర్థం దాంట్లోనే ఉంది.

ప్రశ్న: ఎడింబరోని ‘ఆల్డ్ రీకీ’ అంటారని విన్నాను, పొగ నగరం అని అర్థమట. అయితే ఔట్‌రీక్ అంటే పొగ బయటికి పోవడమా? – ఒక డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఎడింబరో సంగతి నిజమే నాయనా. ఇళ్ల పొగ గొట్టాల పొగతో ఆ ఊరికా పేరు వచ్చింది. స్కాట్స్‌లో రీక్ అంటే పొగ. ‘నీ పొగ గొట్టం చాలాకాలం పొగ వదలాలి’ అన్నది వాళ్ల దీవెన, మన ‘ఇంట్లో పొయ్యి ఆరకూడదు’ లాంటిది. కానీ చేయి చాచి అందించడం అనే అర్థంతో ఇంకో రీక్ ఉంది. ఔట్‌రీక్‌ని దాని పక్కన పెట్టుకో, పొగ పక్కన కాదు. పరీక్షలో అడగరులే, టెన్షన్ పడకు.

ప్రశ్న: మీరు మీ నాన్నగారి కొట్టు గురించి గొప్పగా రాస్తుంటారు. నేనూ ఆ తీరం వాడినే. సామాను అప్పుగా ఇచ్చి, పట్టిన చేప తాము చెప్పిన ధరకే అమ్మాలనే కొట్లు మా పెద్దవాళ్లని ఎంత పీల్చాయో మీరెందుకు రాయరు? – ఒక మత్స్యకారుడి కొడుకు, కొత్తపట్నం మండలం

జవాబు: మీరు అడిగింది న్యాయం. తప్పించుకోను.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడ ఆరు తెడ్ల పడవల్లో నడిసముద్రానికి పోయేవాళ్లు. పడవ, గాలాలు, తాళ్లు, ఇంట్లోకి పిండి అన్నీ వ్యాపారి కొట్టు నుంచే, అప్పు మీదే. చేప ఆ వ్యాపారికే ఇవ్వాలి. ఏడాదికోసారి లెక్క చూస్తే చేతికి వచ్చే డబ్బు ఏమంత ఉండేది కాదు. 1872లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసి అక్కడి జాలర్ల చేతా వ్యాపారుల చేతా సాక్ష్యాలు చెప్పించింది. ఆ సాక్ష్యాలు చదువుతుంటే నాకు మా ఇల్లే కనబడింది. సరంజామా అమర్చినవాడికి ఆ పడవలో కొంత భాగం ఉంటుంది, మనుషుల్లో కూడా కొంత భాగం ఉంటుంది.

మా నాన్నా అప్పుగానే ఇచ్చాడు. చేప మాత్రం ఆయన కొనేవాడు కాదు, అది వేరే వాళ్ల పని. అలాగని మా చేతులు శుభ్రమని నేను చెప్పను. వేట సాగని రోజుల్లో ఇళ్లు గడవడానికి మా కొట్లోనే బియ్యం తీసుకునేవాళ్లు. ఆ బాకీ తర్వాతి మొదటి వేట మీద పడేది. వడ్డీ అని పేరు పెట్టేవాళ్లం కాదు, సరుకు ధర మీద రూపాయో అర్ధో ఎక్కువ వేసేవాళ్లం. పద్దు రాసింది నేనే. అప్పుడు తొమ్మిదో తరగతి. కూడికలు బాగా వచ్చని గర్వపడ్డాను కూడా.

మీ ఉత్తరం వచ్చాక బీరువాలో నుంచి ఆ పుస్తకం తీశాను. ఒక పేజీ దగ్గర ఆగాను. ఒకసారి పట్నం నుంచి వచ్చిన నైలాన్ తాడు నాసిరకం. పైన మెరుపు, లోపల పోగులు లేవు. అమ్మినవాడు గట్టిదే అన్నాడు, మా నాన్న నమ్మి లంగరుకి ఇచ్చాడు. ఆ రాత్రి గాలికి తాడు తెగి బోటు దక్షిణానికి కొట్టుకుపోయింది. అయిదుగురు, రెండో రోజు సాయంత్రం దాకా జాడ లేదు. వాళ్ల ఆడవాళ్లు మా కొట్టు ముందు ఇసకలో కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. మా నాన్న అన్నం ముట్టలేదు. బతికే వచ్చారు, వలలు మాత్రం పోయాయి. అటక మీద మిగిలిన ఆ తాడంతా ఆయన రేవులో కుప్పేసి తగలబెట్టాడు. ఆ కంపు ఇంకా నా ముక్కుకి తెలుసు.

ఆ బోటు పేజీలో బాకీ మొత్తం మీద అడ్డంగా రెండు గీతలున్నాయి, ఆయన చేత్తో గీసినవి. కింద నా గుండ్రటి అక్షరాల్లో ‘చెల్లు’ అని ఉంది. తర్వాతి పేజీ ఇంకో బోటుది. దాని మీద గీతలు లేవు. ఆ తర్వాత ముప్ఫై పేజీల దాకా వేటి మీదా లేవు.