కిల్ట్‌కి బెల్టు కావాలా? నా పొట్టనడగండి

ఫ్రెండ్ పెళ్లికి స్కాట్లాండ్ వెళ్తున్నాను, కిల్ట్ (అక్కడి మగవాళ్లు నడుముకి కట్టే కుచ్చిళ్ల ఉన్ని గుడ్డ) అద్దెకు తీసుకుంటున్నాను, బెల్టు కూడా తీసుకోవాలా అని ఒకరు అడిగారు. వెయిస్ట్‌కోటు వేసుకుంటే వద్దు, లేకపోతే పెట్టుకోండి. జవాబు అయిపోయింది. కానీ ఇది నాకెలా తెలిసిందో చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

గ్లాస్గోలో ఆఫీసులో నా పక్క సీటతని పెళ్లి. అద్దె షాపువాళ్లు ఫోన్లో నడుము కొలత అడిగితే జీన్స్ సైజు 34 చెప్పేశాను. జీన్స్ పొట్ట కింద నిలబడుతుంది, కిల్ట్‌ని బొడ్డు దగ్గర కట్టాలి. బొడ్డు దగ్గర నాది అన్నం పొట్ట. ఆ ముక్క షాపువాళ్లు అడగరు, మనం చెప్పం. పెళ్లి రోజు పొద్దున అది బొడ్డు దగ్గర పట్టలేదు. సరే, లుంగీ లాగే కదా అని పొట్ట కిందికి దించి కట్టాను. కుచ్చిళ్లు మోకాళ్లు దాటి పిక్కల మీదికి వచ్చాయి. జారిపోతుందేమోనని భయమేసి, అద్దెకిచ్చిన రెండంగుళాల పైచిలుకు బెల్టుని ఊపిరాడనంతగా బిగించి, దాని మీద వెయిస్ట్‌కోటు గుండీలు పెట్టాను. అరచేయంత బకిల్. లోపల పళ్లెం దాచుకున్నట్టుంది.

రాత్రి కేలీలో, అంటే స్కాట్లాండ్ వాళ్లు అందరూ కలిసి ఆడే డాన్సుల్లో, స్ట్రిప్ ది విల్లో అనే ఆట మొదలైంది. చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఒకరి నుంచి ఒకరికి విసిరేస్తారు. నాలుగో చుట్టుకి బెల్టు పైకెక్కి పక్కటెముకల దగ్గర, కిల్ట్ కిందికి దిగి తుంటి దగ్గర. ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ బరువు ఎంతుంటుందో అప్పుడు తెలిసింది.

పెళ్లికొడుకు తాత చూశాడు. మాట్లాడకుండా బాత్రూంలోకి తీసుకెళ్లి బెల్టు లాగేశాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. కిల్ట్‌ని బొడ్డు దాకా లాగి, ఎడమవైపు తోలు పట్టీని నడుంపట్టీలో ఉన్న చీలికలోంచి బయటికి తీసి చివరి బెజ్జంలో బిగించాడు. తర్వాత కుడివైపువి రెండూ. అంతే, కదిలితే ఒట్టు. కిల్ట్‌ని మోసేది ఆ పట్టీలేనట, బెల్టు సోకుకేనట. కిల్ట్ ముందు వేలాడే స్పోరన్ సంచి కూడా తన గొలుసు మీదే వేలాడుతుంది.

పాతకాలంలో వేరే సంగతి. కుట్టులేని పెద్ద ప్లెయిడ్ గుడ్డని కుచ్చిళ్లు పోసి నడుముకి బెల్టు బిగిస్తేనే నిలిచేది. కుచ్చిళ్లు కుట్టేశాక, పట్టీలొచ్చాక బెల్టుకి పనిపోయింది. ఉత్త చొక్కా మీదో స్వెటర్ తోనో కిల్ట్ కడితే మాత్రం బెల్టు లేకుండా బోసిగా ఉంటుంది, అప్పుడు పెట్టుకోండి. పొట్ట మీద వెయిస్ట్‌కోటూ బకిలూ రెండూ ఎందుకు?

ఫొటోలు పెడితే మా పిన్ని ఫ్యామిలీ గ్రూపులో "గౌనేంట్రా" అంది. 1746 చట్టం ప్రకారం కిల్ట్ లాంటి హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతం) దుస్తులు వేసుకుంటే మొదటి తప్పుకే ఆరు నెలల జైలు, 1782లో గానీ అది పోలేదు, అంత చరిత్రుంది పిన్నీ అని రాశాను. నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకుంది.

మీరు మాత్రం టేపు తీసుకుని బొడ్డు మీదుగా కొలవండి, అదీ భోజనం చేశాక.

నా బెల్టు ఆ రాత్రంతా కేకు పక్కన చుట్ట చుట్టుకుని పడుంది. అద్దె పూర్తిగానే కట్టాను.