పాటతో బతుకు గడుస్తుందా అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. సంఘంలో కీబోర్డు వాయిస్తూ, సొంతంగా క్రైస్తవ గీతాలు రాసి పాడుతుంది. బీటెక్ వద్దు, పాటలే నా సేవ అంటోంది. ఇంజనీరింగు, సంగీతం పోల్చి చెప్పండి. రేపు పిల్ల గతేమిటి?
– ఒక తండ్రి, బొబ్బిలి

సమాధానం: పోల్చమన్నారు గాని, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీ చివరి వాక్యమే. పాటకు రెండేళ్లు ఇచ్చినంత మాత్రాన పిల్ల గతి తప్పిపోదు. ఇష్టం లేని బీటెక్‌లో నాలుగేళ్లు గడిపి బ్యాక్‌లాగులతో ఇంటికి వచ్చినవారినే నేను ఎక్కువగా చూశాను.

నా అనుమానమంతా యూట్యూబు దారి మీదనే. ట్రాకు, మిక్సింగు, అరకులో డ్రోన్ చిత్రీకరణ అంటూ అప్పు చేసి ఒక్క పాట విడుదల చేయించి, చుట్టాలూ సంఘస్థులూ చూసేశాక వ్యూస్ లెక్క ఆగిపోయి దిగాలుపడిన కుటుంబాలు నా దగ్గరకు ఏటా వస్తూనే ఉన్నాయి. అమెరికాలో గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి సంగీతానికి పితామహుడనిపించుకున్న థామస్ డార్సీ 1899లో ఒక బోధకుని ఇంట పుట్టినవాడే అయినా, బ్లూస్ అనే లౌకిక సంగీతానికి పియానో వాయించి పొట్టపోసుకున్నాడు. తన భక్తిగీతాన్ని అచ్చువేయించి 500 ప్రతులు చర్చిలకు పంపితే, మొదటి ఆర్డరు రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. అంత పాటగాడికే చేతిలో మరో పని అవసరమైంది. కనుక డిగ్రీ మానవద్దు.

ఇక మీ మాటకు వస్తాను. చిన్నప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ, ప్రతి ఉజ్జీవ సభకూ స్టూలు వేసి మరీ మైకు అందించింది మీరేనని మీ ఉత్తరమే చెబుతోంది. అప్పుడు దేవుడిచ్చిన వరం అయినది, ఇంటర్ మార్కులు రాగానే పిచ్చి ఎలా అయింది? మీరు జత చేసిన నోటుపుస్తకం ఫొటో చూశాను. పెన్సిలుతో కీబోర్డు కార్డ్స్ (కలిపి వాయించే స్వరాలు) గుర్తులు వేసుకున్న ఆ పేజీలో మూడో పంక్తిని నాలుగుసార్లు కొట్టివేసి తిరిగి రాసుకుంది. గొంతున్న పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. అంత ఓర్పుగా మాటను దిద్దుకొనేవారు అరుదు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఈనాటికీ పాడుకుంటున్నామంటే, అది మాట బలమే గదా.

విజయనగరంలో డిగ్రీలో చేర్చి, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన మహారాజా సంగీత కళాశాలకు మీరే వెంటబెట్టుకొని వెళ్లి, రెంటి వేళలూ కుదిరే కోర్సు ఏదో కనుక్కోండి. కర్ణాటక సంగీతం మాకెందుకని వెనుకాడవద్దు; శ్రుతికీ తాళానికీ మతం లేదు. ఏ ఛానెల్‌వారు కాగితం ఇచ్చినా, సాహిత్యం, బాణీ హక్కులు ఎవరికి రాసి ఇస్తున్నారో చదవకుండా సంతకం చేయనివ్వకండి.

స్టూడియోకు డబ్బు కట్టే ముందు, ఒక ఆదివారం ఆమె కొత్త పాటను కీబోర్డు లేకుండా సంఘంలో పాడించండి. రెండో చరణం తరువాత పల్లవిని వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మలు తమంతట తాము అందుకుంటే, అప్పుడు రికార్డింగు మాట ఆలోచిద్దాం.