కొడుకు పెంచిన చేపల్ని షాపుకి ఇచ్చేయడం తప్పా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ, సింగ్ నగర్. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా పుట్టినరోజుకి వాళ్ళ నాన్న అక్వేరియం కొనిపెట్టారు. నాలుగడుగుల పెద్ద ట్యాంకులో రెండు ఆస్కార్లు, ఒక సక్కర్ చేప ఉన్నాయి. పక్కనే చిన్న ట్యాంకులో గప్పీలు. నాలుగు జతలు తెస్తే ఇప్పుడు నూట యాభై దాకా అయ్యాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మూడు రోజులు కరెంటు లేకపోతే నేనూ, బాబూ రాత్రంతా మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ వాటిని బతికించుకున్నాం. ఇప్పుడు వాడు చెన్నైలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాడు. ప్రతి ఆదివారం రెండు గంటలు నీళ్ళు మార్చే పనంతా నాదే, భారంగా ఉంది. వచ్చే నెల చిన్న ఫ్లాటుకి మారుతున్నాం, అక్కడ పెద్ద ట్యాంకు పట్టదు. వాడికి చెప్పకుండా, కొన్న షాపుకే వెళ్ళి అడిగాను. ఆస్కార్లు రెండూ కలిపి నాలుగు వందలు, గప్పీలకి ఏమీ రాదు అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. మా వారు "చేపల షాపువాడి దగ్గర బేరమాడే గతి పట్టిందా మనకి? బందరు కాలువలో వదిలేస్తాను" అంటున్నారు. మా అత్తగారికి పొద్దున్నే చేపలకి మేత వేయందే కాఫీ దిగదు. బాబుకి చెబితే గొడవ చేస్తాడని భయం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం చదువుతూ వరద దగ్గర ఆగిపోయానమ్మా. కింద వీధిలో నీళ్ళు, ఇంట్లో తాగే నీళ్ళకే కటకట, చీకటి. ఆ చీకట్లో ఎయిర్ పంపు ఆగిపోయిందని మీరూ, అబ్బాయీ వంతులు వేసుకుని మగ్గుతో నీళ్ళు ఎత్తి పోశారు. పైనుంచి పోస్తే గాలి కలుస్తుంది, ఆ గాలితోనే అవి బతికాయి. షాపతను నాలుగు వందలు అనగానే మీకు కళ్ళ నీళ్ళు వచ్చాయంటే, ఆ రాత్రులన్నీ కలిపి అతను వెల కట్టినట్టు అనిపించి ఉంటుంది. మీ వారేమో డబ్బు తక్కువైందని ఏడ్చారనుకున్నారు. అందుకే ఆ మాట అన్నారు. ఎందుకు ఏడ్చారో ఆయనకి విడమరిచి చెప్పండి. మీరు నోరు విప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు.

షాపతని మీద మాత్రం కోపం పెట్టుకోకండి. మన ఊళ్ళ షాపుల్లోకి గప్పీలు, మోలీలు ఎక్కువగా చెన్నై నుంచి, కలకత్తా నుంచి హోల్‌సేల్‌లో వస్తాయి. చెన్నైలో కొళత్తూరు అనే పేట అంతా ఈ వ్యాపారమే. అక్కడ గప్పీ చాలా చవక. మీ గప్పీల్ని తీసుకుంటే అతను వాటిని కొన్నాళ్ళు విడిగా పెట్టాలి, తెల్లమచ్చలూ గట్రా రోగాలేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి, మేత వేయాలి. అందులో కొన్ని చచ్చిపోతాయి కూడా. ఇక ఆస్కార్ సంగతి. కొనేవాళ్ళు వేలెడంత పిల్లని కొంటారు. అది ఏడాదిలో జానెడు దాటి, తర్వాత అడుగు దాకా పెరుగుతుందని కొనేటప్పుడు చాలామందికి తెలియదు. అంత పెద్ద చేప ఒక్కటే ఒక ట్యాంకుని ఆక్రమిస్తుంది, దాన్ని కొనే మనిషి ఎప్పుడొస్తాడో చెప్పలేం. అయినా నాలుగు వందలు ఇస్తానన్నాడంటే మీ చేపలు ఆరోగ్యంగా ఉన్నాయనే అర్థం. అది మీ చేతి చలవ.

ఇందులో నామోషీ ఏమీ లేదని మీ వారికి చెప్పండి. పెరిగిన చేపల్ని, పుట్టిన పిల్లల్ని తెచ్చి షాపులో ఇచ్చి, బదులుగా మేత డబ్బానో ఫిల్టరో పట్టుకెళ్ళడం అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు మామూలుగా చేసే పనే. డబ్బు రూపంలో అడిగితే తక్కువ చెప్పే షాపతను కూడా, సామాను రూపంలో అయితే కాస్త ఎక్కువ కట్టొచ్చు. అడిగి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. అబ్బాయికి చెప్పకుండా మాత్రం ఈ పని చేయకండి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఇంట్లో ఒక పడ్డ ఉండేది. పుట్టినప్పటి నుంచీ నేనే చూసుకున్నాను. పరీక్షలకని వారం రోజులు పిన్ని వాళ్ళింట్లో ఉండి వచ్చేసరికి కొట్టంలో కట్టుకొయ్య ఒక్కటే ఉంది, తాడు లేదు. పరీక్షలప్పుడు నా మనసు పాడుచేయడం ఇష్టం లేక చెప్పలేదన్నారు నాన్న. ఆయనకి అప్పుడు డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. ముందే చెప్పి ఉంటే ఏడ్చి, ఒకసారి దాని మెడ నిమిరి, సరేననేదాన్ని. అమ్మినందుకు నాకు ఏనాడూ కోపం రాలేదు. నన్ను అడగలేదన్న బాధ మాత్రం నాన్న పోయేదాకా ఆయనతో చెప్పలేకపోయాను. మీ అబ్బాయికి అలాంటి ముల్లు మిగలకూడదు.

అందుకే ఫోనులో నేరుగా చెప్పండి. "నాన్నా, ఇల్లు మారుతున్నాం. కొత్త ఇంట్లో పెద్ద ట్యాంకు పట్టదు. నేను షాపులో అడిగి వచ్చాను, నీకు చెప్పకుండా వెళ్ళడం నాదే తప్పు. ఆస్కార్లు ఎక్కడుంటే బాగుంటుందో నువ్వు కూడా చూడు. ఇరవయ్యో తారీఖు దాకా ఆగుతాం" అనండి. తారీఖు చెప్పడం ముఖ్యం. గొడవ చేస్తే చేయనివ్వండి, అది మీ మీద కోపం కాదు. చెన్నైలో కొత్త ఊరు, కొత్త భాష, హాస్టల్ మంచం. తన గదీ, తన చేపలూ అక్కడ అలాగే ఉన్నాయన్న ధైర్యం మీద వాడు నిలబడి ఉన్నాడు. అది పోతుందని భయపడతాడు. ఆ భయాన్ని విని ఊరుకోండి, వాదించకండి. కానీ తారీఖు మాత్రం మార్చకండి. చేపలు ఉండాల్సిందే అని పట్టుబట్టేవాడు అవి ఎక్కడ, ఎవరి చేతి మీద ఉంటాయో కూడా చెప్పగలగాలి. హాస్టల్లో కూర్చుని అమ్మ నడుము మీద ఆ బరువు మోపే హక్కు వాడికి లేదు. ఆ మాట ప్రేమగానే, గట్టిగానే చెప్పొచ్చు.

వాడికి పని అప్పగించండి. అమ్మకానికి ఫోటోలు, చిన్న వీడియో తీసి వాడికి పంపితే, చేపలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వాడే పెడతాడు. షాపుకన్నా ముందు ఇలా సొంతంగా పెంచుకునేవాళ్ళు దొరికితే ఆస్కార్లకి అదే మంచిది. ఆస్కార్ పదేళ్ళకి పైగా బతుకుతుంది, మనిషిని గుర్తుపడుతుంది. మీరు వంటింట్లోంచి వస్తుంటే అద్దం దగ్గరికి వచ్చి తోక ఊపుతుందంటే మీకు ఆశ్చర్యం ఉండదు. పెద్ద ట్యాంకు ఉన్న మనిషికి వెళ్ళాలి అది. "ఎంత ట్యాంకు ఉంది?" అని అడగడానికి మొహమాటపడకండి. రెండడుగులు అంటే వద్దనండి, ఎంత డబ్బు ఇస్తానన్నా సరే.

గప్పీల విషయంలో ఒక చేదు మాట చెప్పాలి. కొన్ని షాపుల్లో ఉచితంగా వచ్చిన గప్పీల్ని పెద్ద చేపలకి మేతగా అమ్ముతారు. మీ షాపతను అలా చేస్తాడో లేదో ముందే అడగండి. మీకు ఇష్టం లేకపోతే, తెలిసినవాళ్ళ పిల్లలకి పదేసి, ఇరవయ్యేసి పంచండి. ఆలస్యం చేస్తే మాత్రం లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఆడ గప్పీ నెలకోసారి ఇరవై, ముప్పై పిల్లల్ని పెడుతుంది, ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ తర్వాత కొన్ని నెలల పాటు మగది లేకపోయినా పెడుతూనే ఉంటుంది. అందుకే నాలుగు జతలు నూట యాభై అయ్యాయి, మీ నిర్లక్ష్యం ఏమీ లేదు.

కాలువ మాట ఇంట్లో ఇక రాకూడదు. మీ వారిని అడగండి, ఈమధ్య కృష్ణలో, చెరువుల్లో వలకి పడుతున్న దెయ్యం చేప గురించి విన్నారా అని. ఒంటినిండా గట్టి పెంకు, ముళ్ళ రెక్కలు. వల చింపేస్తుంది, సంతలో ఎవరూ కొనరు. జాలరికి వల పోయే, రోజు కూలీ పోయే. ఆ దెయ్యం చేప మరేదో కాదు, మీ ట్యాంకులో అద్దానికి అతుక్కుని ఉన్న సక్కర్ జాతిదే. దక్షిణ అమెరికా చేప అది. ఇళ్ళల్లో పెంచుకున్నవాళ్ళు, పెంచి అమ్మేవాళ్ళు వదిలినవీ, తప్పించుకున్నవీ మన నీళ్ళల్లో పిల్లల్ని పెట్టి పెరిగిపోయాయి. ఆస్కార్ కూడా ఆ ఖండానిదే, చిన్న చేపల్ని తినేస్తుంది. గప్పీల్ని వదిలితే దోమల్ని తింటాయి కదా అని ఎవరైనా అంటే, అదీ మన ఇష్టానికి చేసే పని కాదని చెప్పండి. దోమల కోసమే 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా అనే చేప, దోమ పిల్లలతో పాటు మన చేపల గుడ్లనీ, పిల్లల్నీ తింటోంది. మీ వారు బతకాలనే కాలువ అంటున్నారు, ఆయన మనసు మంచిదే. దారి మాత్రం మంచిది కాదు.

సక్కర్‌ని తీసుకునేవాళ్ళు త్వరగా దొరకరు. ఊళ్ళో నాలుగు షాపులు అడగండి, పెద్ద ట్యాంకు కొనేవాళ్ళతో కలిపి ఇచ్చేయమనండి. ఉచితంగా ఇచ్చినా ఫరవాలేదు.

తీసుకెళ్ళే ముందు రోజు వాటికి మేత వేయకండి, దారిలో నీళ్ళు పాడవకుండా ఉంటాయి. వాటి ట్యాంకు నీళ్ళే కవరులో మూడో వంతు పోసి, మిగతాది గాలి ఉంచి, రెండు కవర్లు ఒకదానిలో ఒకటి వేసి రబ్బరు బ్యాండు బిగించండి. ఆస్కార్లకి కవరు కన్నా మూతున్న ప్లాస్టిక్ బకెట్ నయం, ఒక్కోదానికి ఒక్కోటి. ఎండెక్కకముందే బయల్దేరండి. మీ వారిని తోడు రమ్మనండి, బకెట్ మోయడానికే కాదు. బేరం ఎలా జరుగుతుందో ఆయన పక్కనుండి చూస్తే ఆ వెక్కిరింత దానంతటదే పోతుంది.

మీ అత్తగారికి కాఫీ దిగాలి కదా. కొత్త ఇంటికి చిన్న ట్యాంకు పట్టుకెళ్ళండి. అందులో ఆరేడు గప్పీలు చాలు, అన్నీ మగవే. రంగురంగుల తోకలున్నవి మగవి, ఆవిడనే ఏరమనండి. ఆడవి లేకపోతే పిల్లల బెడద ఉండదు. పొద్దున్నే చిటికెడు మేత వేసే పని ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఆ ట్యాంకు అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు వాడిదే, వాడే కడగాలి.

ఇక మీ సంగతి. ప్రతి ఆదివారం పైపు పెట్టి మురికి నీళ్ళు బకెట్లలోకి లాగి, కొత్త నీళ్ళు పోసే ఆ రెండు గంటలు మీకు భారం అని రాశారు. నిజమే. కానీ కొడుకు వెళ్ళిపోయాక ఇంట్లో వాడి పనుల్లో మీకు మిగిలింది అదొక్కటే. పెద్ద ట్యాంకు తీసేశాక వచ్చే మొదటి ఆదివారం మీకు ఏడుపు వస్తే చేపల గురించే అనుకోకండి. ఆ రోజు ఇంట్లో ఒక్కరే ఉండకుండా చూసుకోండి. నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలు దాటితే డాక్టరుకి చూపించుకోండి.

షాపులోనో, బయటో, ఆస్కార్లని ఎవరు తీసుకెళ్ళారో ఒక ఫోన్ చేసి చెప్పమని అడగండి. చేపలంటే ప్రేమున్నవాళ్ళు చెబుతారు. ఆ కబురు అందగానే చెన్నైకి ఫోన్ చేయండి, ముందు వాడికే తెలియాలి.