ఆర్.సి.లో ఒకరు, అమ్మేది మరొకరు: ఈ పాత జీపు కొనొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది అరకు దగ్గర పల్లె. కాఫీ తోట ఉంది. చిన్నప్పటి నుంచి ఫోర్ వీల్ జీపు కొనుక్కోవాలని కోరిక. హైదరాబాదులో ఒక గ్యారేజీలో 1994 నాటి మహీంద్రా ఎంఎం 540 అమ్మకానికి ఉంది. నంబరు ఏపీ 25 సిరీస్. నాలుగున్నర లక్షలు చెబుతున్నారు. ఆర్.సి. నిజామాబాదులో ఉండే ఒక పెద్దాయన పేరు మీద ఉంది. ఆయన అమ్మేసి పదేళ్లయిందట, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు చేతులు మారిందట. ఆయన అప్పట్లో సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, ఫారం 30 ఇస్తాను, పేరు మార్పు మీరే చేయించుకోండి అంటున్నాడు గ్యారేజీ ఆయన. పాత ఇంజను తీసేసి బొలెరో డీఐ ఇంజను వేశారు. బాడీ కొత్తగా కట్టించారు, పెద్ద టైర్లు వేశారు. రిజిస్ట్రేషన్ గడువు 2024లో అయిపోయింది. 50 వేలు బయానా ఇస్తే బండి ఆపుతానంటున్నాడు. ఇంకో చోట ప్రభుత్వ శాఖ వేలంలో వచ్చిన 2006 నాటి మారుతి జిప్సీ మూడు లక్షలకే వస్తోంది. దానికింకా ఎవరి పేరు మీదా రిజిస్ట్రేషన్ మారలేదు. పాత బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే ఏ గొడవా ఉండదని ఒక స్నేహితుడు చెప్పాడు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ జీపును ఇప్పుడున్న స్థితిలో కొనవద్దు. జిప్సీ అసలు వద్దు. వింటేజ్ నిబంధన మీ బండికి వర్తించదు. జీపు విషయంలో మాత్రం ఒక దారి ఉంది. దాన్ని తెరవాల్సింది మీరు కాదు, అమ్మే ఆయన.

తోట దారుల్లో అలాంటి బండి ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. మహీంద్రా వాళ్లు బండ్ల తయారీని బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారు. ఆ వరసలో వచ్చిన ఎంఎం 540ని ఇష్టపడేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. అందుకే మీరు మోసపోకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఆర్.సి. సంగతి. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 27వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి ఎంత హక్కు ఉందో కొన్నవాడికీ అంతే వస్తుంది, అంతకు మించి రాదు. గ్యారేజీ ఆయనకు ఈ బండి ఎవరి నుంచి వచ్చింది, ఆయనకు అమ్మినవాళ్లకు ఎవరి నుంచి వచ్చింది? ఈ గొలుసులో ప్రతి చేతి మార్పుకూ కాగితం ఉంటే ఒక మాట. మీ ఉత్తరంలో ఒక్క కాగితం ప్రస్తావన కూడా లేదు, ఖాళీ ఫారాలు తప్ప. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం, అమ్మిన యజమాని రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలియజేయాలి. పదేళ్లుగా ఇక్కడ ఎవరూ ఆ పని చేయలేదు. చేయని పనంతా ఇప్పుడు మీ నెత్తిన పెడుతున్నారు.

దీనివల్ల ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందులోనూ ఒక కారు పేరు మార్పు లేకుండా ఒకరి తర్వాత ఒకరి చేతికి వెళ్లింది. 2009లో ప్రమాదం జరిగింది, ఒక చిన్న పిల్లవాడు చనిపోయాడు. బండికి ఇన్సూరెన్సు లేదు. నష్టపరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్నకు కోర్టు, ఆర్.సి.లో ఎవరి పేరు ఉందో వాళ్లే యజమాని, వాళ్లే చెల్లించాలి అంది. బాధితులు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదని కోర్టు ఉద్దేశం. న్యాయమైన తీర్పు.

ఇది విని, ‘అయితే బాధ్యత నిజామాబాదు పెద్దాయనది కదా, నాకేం’ అనుకోకండి. పేరు లేకపోవడం మిమ్మల్నీ కట్టిపడేస్తుంది. బండికి నష్టం జరిగితే ఆయన పేరు మీద ఉన్న పాలసీ నుంచి మీకు డబ్బు రాదు. యజమాని మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండేది) మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ కింద బండి వెంట వస్తుంది కానీ, సొంత నష్టానికి సంబంధించిన రక్షణ దానంతట అది మారదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. బండిని ఏదైనా కేసులో పోలీసులు సీజ్ చేస్తే, కోర్టు నుంచి విడిపించుకోవడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద దరఖాస్తు వేయాలి. అక్కడ మొదటి ప్రశ్న ఆర్.సి. ఎవరిది అనే. ఇక ఆ పెద్దాయనకో ఆయన పిల్లలకో ఎవరైనా ఈ తీర్పు సంగతి చెప్పి భయపెడితే, బండి మాదేనని వాళ్లు ఫిర్యాదు చేయడం కూడా మన కోర్టుల్లో కొత్త విషయం కాదు.

ఖాళీ ఫారాల మీద నాకు అస్సలు నమ్మకం లేదు. పదేళ్ల కిందటి సంతకం అది. ఆయన ఇప్పుడు ఉన్నారో లేరో ముందు తెలుసుకోండి. చనిపోయి ఉంటే ఆ ఫారాలు పనికిరావు. వారసులు ఫారం 31తో ముందు తమ పేరు మీదకు మార్పించుకోవాలి, ఆ తర్వాత మీకు అమ్మాలి. బతికే ఉంటే, ఆయన ఈ తేదీన మీకు అమ్మినట్టు ఆ ఖాళీల్లో మీరు రాసుకోవడం అబద్ధం రాయడమే అవుతుంది. ఇప్పుడు చాలా సేవలు ఆధార్‌తో, మొబైల్ ఓటీపీతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఎలాగూ ఆయన సహకారం లేకుండా పని ముందుకు జరగదు.

గ్యారేజీ ఆయన తాను డీలర్‌నని చెబితే ఒక్క కాగితం అడగండి. పాత బండ్ల వ్యాపారం చేసేవాళ్లు 2023 ఏప్రిల్ 1 నుంచి రవాణా శాఖ నుంచి ఫారం 29బి అనే అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండిని అలాంటి డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా శాఖకు తెలియజేస్తే, బండి డీలరు దగ్గర ఉన్నంత కాలం బాధ్యత డీలరుదే. ఆ రెండూ లేకపోతే చట్టం దృష్టిలో ఆయన అధీకృత డీలరు కాదు, మధ్యలో ఉన్న మనిషి మాత్రమే.

ఇంజను విషయం ఇంతకన్నా పెద్దది. 1994లో రిజిస్టర్ అయినప్పుడు ఆర్.సి.లో ఒక ఇంజను నంబరు, ఒక ఛాసిస్ నంబరు రాశారు. ఇప్పుడు బానెట్ కింద ఉన్నది వేరే ఇంజను. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్పు చేసిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. దానికన్నా ముఖ్యమైనది 55వ సెక్షన్‌లోని 5వ ఉపవిభాగం: బండి మీదున్న ఇంజను నంబరుగానీ ఛాసిస్ నంబరుగానీ ఆర్.సి.తో సరిపోకపోతే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు. అప్పుడు మీ నాలుగున్నర లక్షలు ఇనుము తూకానికి వస్తాయి.

ఆ డీఐ ఇంజను ఎక్కడిదో కూడా అడగండి. ఏ బొలెరో నుంచి తీశారు, దాని ఆర్.సి. ఏది, కొన్న బిల్లు ఏది? దొంగ బండి ఇంజను అయితే, తెలిసి గానీ అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ దాన్ని ఉంచుకున్నవాడు భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద ఇరుక్కుంటాడు. బిల్లు లేని ఇంజను అని తెలిసీ కొన్న తర్వాత, నాకు అనుమానం రాలేదని చెప్పడం కష్టం.

ఛాసిస్ నంబరు మీరే స్వయంగా చూడండి. పెన్సిలు రుద్ది కాగితం మీద అచ్చు తీసుకోండి. నంబరు ఉన్న చోట గ్రైండింగు గుర్తులు, కొత్త వెల్డింగు, అక్షరాల మధ్య దూరం తేడాగా ఉండటం కనిపిస్తే అక్కడితో మాట ఆపేయండి. పంజాబ్, హర్యానా వైపు, ముఖ్యంగా మండీ డబ్‌వాలీలో, పాత జీపు ఆర్.సి.కి కొత్తగా కట్టిన బండిని తగిలించే పద్ధతి చాలాకాలంగా ఉంది. అలాంటివి మన వైపూ వస్తున్నాయి. కొత్త బాడీ అన్నారు కాబట్టి ఈ అనుమానం తీర్చుకోకుండా అడుగు వేయొద్దు.

ఏపీ నంబరే కదా, మా ఆంధ్రాకు తెచ్చుకోవడం సులువు అనుకుంటున్నారేమో. ఏపీ 25 ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాదు జిల్లా కోడ్. 2014 తర్వాత ఆ రికార్డు తెలంగాణది. మీరు దాన్ని అరకుకు తెస్తే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బండి కిందే లెక్క. నిజామాబాదు ఆర్టీవో నుంచి 48వ సెక్షన్ కింద ఎన్.ఓ.సి., అంటే అభ్యంతరం లేదనే పత్రం (ఫారం 28) కావాలి, ఇక్కడ కొత్త నంబరు, లైఫ్ ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ పనులు ఉంటాయి. ఎన్.ఓ.సి. అడగాల్సింది ఎవరు? మళ్లీ ఆ ఆర్.సి. యజమానే.

పైగా రిజిస్ట్రేషన్ గడువు తీరింది. సొంత వాడకపు బండికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు రెన్యూవల్ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు, జీఎస్టీ అదనం. డబ్బుది పెద్ద సమస్య కాదు. రెన్యూవల్‌కు బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. ఆయన బానెట్ ఎత్తి ఇంజను నంబరు చూస్తారు. గడువు తీరి కూడా గ్యారేజీ ఆయన ఇంతవరకు రెన్యూవల్‌కు ఎందుకు తీసుకెళ్లలేదో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఈలోగా మీరు ఆ బండిని హైదరాబాదు నుంచి అరకుకు నడిపి తెస్తే, రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినందుకు 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. దారిలో ప్రమాదం జరిగితే సంగతి ఇంకా దూరం పోతుంది.

జిప్సీ గురించి ఎక్కువ చెప్పను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నియమావళి 52ఎ నియమం ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, వాటి సంస్థల బండ్లకు 15 ఏళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ ముగుస్తుంది, రెన్యూవల్ ఉండదు. వాటిని అధీకృత స్క్రాపింగు కేంద్రానికే పంపాలి. 2006 నాటి బండికి 2021లోనే 15 ఏళ్లు నిండాయి. ఇంకా శాఖ పేరు మీదే ఉందంటే మీ పేరు మీదకు వచ్చే దారి లేదు. ఆ నియమం రాకముందే ప్రైవేటు వ్యక్తి పేరు మీదకు మారి, రెన్యూవల్ కూడా అయిన జిప్సీ ఎప్పుడైనా దొరికితే అది వేరే సంగతి, అప్పుడు మళ్లీ అడగండి. సైన్యం వేలంలో వచ్చిన బండి అని ఎవరైనా చెబితే, సంబంధిత అధికారి ఇచ్చిన ఒరిజినల్ ఫారం 21 అమ్మకపు పత్రం చూపించమనండి. జిరాక్సు మీద నమ్మకం పెట్టుకోకండి.

మీ స్నేహితుడు చెప్పిన వింటేజ్ నిబంధన 2021 జూలైలో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలోనే ఉన్న బండికి మాత్రమే అది. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తిప్పుకోవచ్చు. కాఫీ బస్తాలు వేసుకుని రోజూ తిరగడానికి వీల్లేదు. 1994 జీపుకు వయసు చాలదు, ఇంజను మార్చారు కాబట్టి రూపమూ పోయింది.

మీరు అడగలేదు కానీ జీపు ప్రియులందరికీ ఉండే మోజు కాబట్టి చెబుతున్నాను: మిలిటరీ ఆలివ్ గ్రీన్ రంగు వేయించకండి. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఆ రంగు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం చెబుతోంది.

ఇప్పుడు ఆ జీపుకున్న దారి. నిజామాబాదు ఆర్టీవో కార్యాలయం నుంచి బి రిజిస్టరు ఎక్స్‌ట్రాక్టు తెప్పించమని గ్యారేజీ ఆయన్ని అడగండి. అసలు యజమాని, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, ఫైనాన్సు ఉందా లేదా అన్నీ అందులో ఉంటాయి. పాత అప్పు తీరినా ఆర్.సి.లో ఫైనాన్సు పేరు అలాగే ఉంటే ఫారం 35తో తీయించాలి. తర్వాత ఆర్.సి. యజమాని లేదా ఆయన వారసులు స్వయంగా వచ్చి, ఇంజను మార్పును ఆర్టీవో అనుమతితో ఆర్.సి.లో ఎక్కించి, రెన్యూవల్ చేయించి, పెండింగు చలాన్లు కట్టి, ఎన్.ఓ.సి. తీసుకుని మీకు అమ్మాలి. ఇంజను మార్పుకు అనుమతి రాకపోతే ఆర్.సి.లో ఉన్న పాత ఇంజనునే మళ్లీ బిగించి చూపించాలి. అది తుక్కులో అమ్మేశామంటే ఈ బండిని వదిలేయండి.

బయానా సంగతి. పైన చెప్పిన పనులు కాకముందు 50 వేలు ఇవ్వకండి. వేరేవాళ్లు కొనేసుకుంటారని తొందర పెడితే కొనుక్కోనివ్వండి. అన్నీ సరిగ్గా తేలి, తప్పనిసరిగా కొంత ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారా, ఆర్.సి. యజమాని ఖాతాకే వేయండి. స్టాంపు కాగితం మీద ఇంజను, ఛాసిస్ నంబర్లు రాసి, ఫలానా తేదీలోగా రెన్యూవల్, ఎన్.ఓ.సి. రాకపోతే మొత్తం తిరిగి ఇస్తానని యజమానితో సంతకం చేయించండి. బండి అప్పగించే రోజు తేదీతో పాటు సమయం కూడా అందులో రాయించండి. ఆ గంటకు ముందు జరిగిన ప్రమాదమో కేసో ఏదైనా బయటపడితే మీ చేతిలో ఆ ఒక్క వాక్యమే ఉంటుంది.