వారం పరీక్షకు ఇన్ని కాగితాలు అక్కర్లేదు

ప్రశ్న: ఏడో తరగతిలో 40 మందికి తెలుగు చెబుతాను. వారం వారం పరీక్షకు తలా రెండు కాగితాలు అవుతున్నాయి. పిల్లల దగ్గర ఫోన్లు లేవు. ఉన్నదల్లా నా ఫోను, తరగతిలో ప్రొజెక్టరు. వీటితో కాగితం తగ్గించగలమా?
– తెలుగు ఉపాధ్యాయిని, పెరంబూరు, చెన్నై

జవాబు: తప్పకుండా. మీ ఒక్క సబ్జెక్టుకే వారానికి 80 కాగితాలంటే, 500 కాగితాల రీము ఆరు వారాలకే అయిపోతోంది. పరీక్షలో నాలుగింటిలో ఒక జవాబు ఎంచుకునే బిట్లు ఉంటే వాటికి ప్లికర్స్ యాప్ వాడండి. పిల్లవాడికి ఒక్కో అట్ట కార్డు ఇస్తాం. కార్డు మీద నల్లటి గడుల గుర్తు, నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తను అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. మీరు ఫోన్ కెమెరాతో తరగతినంతా ఒకసారి చూపిస్తే ఎవరేం చెప్పారో నమోదైపోతుంది. ఏ గుర్తూ ఇంకోదానిలా ఉండదు, అక్షరాలు చిన్నవి, కాబట్టి పక్కవాడి కార్డు చూసినా లాభం లేదు.

కార్డులు ఒక్కసారి ప్రింటు తీస్తే చాలు, ఏడాదంతా అవే. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే ఉంచండి, లేకపోతే మార్కులు తారుమారవుతాయి. మెరిసే లామినేషన్ మాత్రం వద్దు. కిటికీ వెలుతురు దానిమీద పడి తళుక్కుమంటే కెమెరా గుర్తును చదవలేదు. మందపాటి అట్ట మీద ప్రింటు చాలు. వేళ్లు నల్ల గడుల మీదికి వచ్చినా అదే ఇబ్బంది, అంచులే పట్టుకోమని ముందే చెప్పండి. వెనక బెంచీలవి చదవకపోతే మీరే రెండడుగులు ముందుకు వేయండి. ఫోన్‌లో నెట్ ఉండాలి.

ప్రశ్న ప్రొజెక్టరు మీద చూపిస్తారు కదా, అక్కడ ఒక చిక్కుంది. పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో టైపు చేసినవైతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి, అందుకే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే పీడీఎఫ్‌గా మార్చి తెచ్చి చూపించండి, లేదా ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసుకోండి. రెండోదే మేలు, మరుసటి ఏడాదికీ పనికొస్తుంది.

ఒత్తులు, గుణింతాలు, వ్యాసాలు మాత్రం కార్డులతో తేలవు. అవి పిల్లలు చేత్తో రాయాల్సిందే, ఆ కాగితాన్ని మిగల్చాలని చూడకండి. ప్రశ్న తెర మీద చూపించి జవాబు నోటుపుస్తకంలోనే రాయించండి. ప్రశ్నపత్రం ప్రింటు మిగులుతుంది.

ప్రశ్న: రెండు వైపులా ప్రింటు తీద్దామంటే, రెండోసారి పెట్టగానే కాగితం ఇరుక్కుపోతోంది. లేజర్ ప్రింటరే, కానీ కాగితాన్ని దానంతటది తిప్పుకోదు.
– గణితం మాస్టారు, అంబత్తూరు

జవాబు: చెన్నై గాలిలో తేమ ఎక్కువ. విప్పి ఉంచిన కాగితం దాన్ని పీల్చుకుంటుంది. ప్రింటరు లోపలి వేడికి ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై కాగితం వంకర తిరుగుతుంది. వంకర తిరిగినదాన్ని వెంటనే మళ్లీ పెడితే రోలర్ల దగ్గర ఇరుక్కుంటుంది. మొదటి వైపు ప్రింటయ్యాక కట్టను చల్లారనిచ్చి, బరువైన పుస్తకం కింద పది నిమిషాలు ఉంచండి. అంచులు విదిలించి, 20 చొప్పున పెట్టండి. మిగిలిన రీమును దాని కవరులోనే బిగించి పెట్టండి, సెలవుల్లో ట్రేలో కాగితం వదలొద్దు.

40 కాపీలకు, మొదటి పేజీని 40 తీసి, వాటి వెనకే రెండో పేజీని 40 తీయండి. ప్రింటరు ఒకసారి రెండు కాగితాలు కలిపి లాగినా పాడయ్యేవి ఆ రెండే. పేజీలన్నీ వరుసగా తీస్తే అక్కడినుంచి చివరిదాకా వెనకపేజీలు మారిపోతాయి. ఏ వైపు ఎలా పెట్టాలో తెలియకపోతే ఒక కాగితం మూలన పెన్సిల్ గుర్తు పెట్టి ముందుగా ప్రయత్నించండి.

ప్రశ్న: ఒకవైపే వాడిన కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిమీదే ప్రింటు తీయవచ్చా?
– పాఠశాల గుమాస్తా, తాంబరం

జవాబు: వద్దు. పిన్నులు, మడతలు ప్రింటరును పాడుచేస్తాయి. సగానికి కోసి, కుట్టి, చిత్తు లెక్కలకు ఇవ్వండి. పిల్లల పేర్లు, మార్కులు ఉన్నవి చింపి పాతకాగితాల వాళ్లకు వేయండి. లామినేట్ చేసినవాటిని మాత్రం అందులో కలపొద్దు. ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంటుంది కాబట్టి కాగితం గుజ్జుకు అవి పనికిరావు.