రెండేళ్ల కాంట్రాక్టుకు ఇరవై ఏళ్ల లోనా?

ప్రశ్న: నా వయసు 23. మాది అనంతపురం జిల్లా. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్‌ని. ఒక క్లబ్‌తో రెండేళ్ల కాంట్రాక్టు కుదిరింది. ఏడాదికి 24 లక్షలు, గోల్స్ కొడితే బోనస్ వేరే. అందులో ఏజెంట్‌కు 10 శాతం ఇవ్వాలి. బ్యాంకులో 9 లక్షలు దాచాను. ఆర్టీసీలో రిటైరైన నాన్న 60 లక్షల ఫ్లాట్ చూశారు. 12 లక్షలు కడితే మిగతా 48 లక్షలు 20 ఏళ్ల లోన్ ఇస్తామని బ్యాంకు వాళ్లు అంటున్నారు. అమ్మేమో రైల్వే స్పోర్ట్స్ కోటాకు అప్లై చెయ్యమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా అభినందనలు. మన జిల్లాల నుంచి ఫార్వర్డ్‌గా ఈ స్థాయికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఉన్నమాట చెబుతాను. ఆ ఫ్లాట్ ఇప్పుడు కొనకండి.

నాన్నగారి ఆలోచనలో తప్పు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయనకు నెల తిరిగేసరికి జీతం వచ్చింది. మీ 24 లక్షలు అలాంటి జీతం కాదు. పదేళ్లు పండి, తర్వాత నలభై ఏళ్లు తిండి పెట్టాల్సిన పంట అది. 48 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీ వేస్తే ఈఎంఐ నెలకు సుమారు 41,700 పడుతుంది. పదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినా, మీకు 33 ఏళ్లు వచ్చేసరికి ఇంకా 33 లక్షలకు పైగా బాకీ మిగులుతుంది. ఆ వయసుకు చాలామంది స్ట్రైకర్లు కాంట్రాక్టు కోసం వెతుక్కుంటూ ఉంటారు. పైగా డౌన్‌పేమెంట్, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే 16 లక్షలు దాటుతుంది. మీ 9 లక్షలూ అందులోకే పోగా, మిగిలింది నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులోంచే తీయాలి.

అందరూ సునీల్ ఛెత్రీని చూపిస్తారు. 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పేనాటికి ఆయనకు 39 ఏళ్లు, 94 గోల్స్. మరుసటి ఏడాది మళ్లీ జట్టులోకి వచ్చారు కూడా. అలాంటి వాళ్లు తరానికొకరు పుడతారు. నేను మాత్రం మీకు తులసీదాస్ బలరామ్‌ను గుర్తు చేస్తాను. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఆయన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన జట్టులో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, ముప్పై ఏళ్లు నిండకముందే, అనారోగ్యం ఆయన ఆటను ఆపేసింది. అంతటి ఆటగాడికే అలా జరిగింది. మీ ప్లాన్‌లో ఆ సంభావ్యతకు చోటుండాలి.

స్ట్రైకర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది, అది డిఫెండర్‌కు అంతగా ఉండదు. క్లబ్బులు విదేశీ ఆటగాళ్లను ఎక్కువగా తెచ్చుకునేది మీ స్థానానికే. మన దేశంలోని పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైన 2014 నుంచి 2024-25 సీజన్ వరకు, అత్యధిక గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ దక్కలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ టైటిల్ గెలిచినప్పుడు కూడా 18 గోల్స్‌తో అది అందుకున్నది నైజీరియాకు చెందిన ఓగ్బెచే. మీరు బెంచ్ మీద కూర్చుంటే గోల్స్ రావు, గోల్స్ రాకపోతే తర్వాతి కాంట్రాక్టులో రేటు తగ్గుతుంది. అందుకని గోల్ బోనస్‌ను బడ్జెట్‌లో లెక్కపెట్టకండి. వస్తే నేరుగా పొదుపులోకి పంపండి.

క్లబ్బుల సంగతి కూడా చూడండి. ఆ టైటిల్ గెలిచిన హైదరాబాద్ జట్టు రెండేళ్లు తిరక్కుండానే ఆర్థిక ఇబ్బందుల్లో పడింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది జూలైలో నిర్వాహకులు ఐఎస్ఎల్‌నే నిలిపేశారు. డిసెంబరు ముగిసినా లీగ్ మొదలు కాలేదు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. ఆటగాళ్ల తప్పేమీ లేదు, ఈఎంఐలు మాత్రం ఏ నెలకా నెల కట్టాల్సిందే.

ఇక మీ చేతికి నిజంగా ఎంత వస్తుందో చూద్దాం. కాంట్రాక్టు తీసి, అది ఉద్యోగమా లేక ప్రొఫెషనల్ ఫీజా అన్నది చదవండి. ఫీజు అయితే క్లబ్ 10 శాతం టీడీఎస్, అంటే పన్ను కింద ముందుగానే కోస్తుంది. ఏజెంట్ కమీషన్ 2.4 లక్షలు, ఫిజియో, ట్రైనర్, బూట్ల లాంటివి ఓ 1.2 లక్షలు బిల్లులతో చూపిస్తే, కొత్త పన్ను విధానంలోని ప్రస్తుత శ్లాబుల ప్రకారం పన్ను సుమారు 2.18 లక్షలు. ఖర్చులేవీ చూపకపోతే 3.12 లక్షలు. ఒక్క ఫైల్‌లో బిల్లులు దాచుకున్నందుకు 90 వేలకు పైగా మిగులుతుంది. డాక్టర్లు, లాయర్ల మాదిరి సగం ఆదాయం ఖర్చుగా చూపే సౌకర్యం మీకూ ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ జాబితాలో క్రీడాకారులు లేరు. ఇంకో ముఖ్యమైన విషయం: ఫీజు రూపంలో ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సమస్య వస్తుంది. ఆ జీఎస్టీ క్లబ్ అదనంగా ఇస్తుందో, మీ 24 లక్షల్లోంచే పోతుందో సంతకానికి ముందే రాయించుకోవాలి. సంతకం అయిపోయి ఉంటే ఈ వారమే ఒక సీఏను కలవండి. ఉద్యోగ కాంట్రాక్టు అయితే జీఎస్టీ ఉండదు, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, కానీ ఏజెంట్ కమీషన్‌ను ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదు.

ఫీజు లెక్కన చేతికి మిగిలేది ఏడాదికి 18 లక్షలు. ఇంటికి నెలకు 40 వేలు, మీకు 25 వేలు పోగా దాదాపు 10 లక్షలు మిగలాలి. బ్యాంకులో ఉన్న 9 లక్షలు అస్సలు కదపకండి. కాంట్రాక్టు లేకుండా పోయినా ఇల్లు 13 నెలలు నడవడానికి ఆ డబ్బు. ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టి పెట్టండి. మిగిలే 10 లక్షల్లో 1.5 లక్షలు పీపీఎఫ్‌కు వేయండి. ఆ 15 ఏళ్ల గడువు మీకు సరిగ్గా సరిపోతుంది, ఆట అయిపోయాక 38 దాటాక చేతికొస్తుంది. ఇన్సూరెన్స్ పోగా మిగతాది ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా కొంత చొప్పున పెట్టండి. జీతం ఆగితే సిప్ ఆపుకోవచ్చు, ఈఎంఐ ఆపలేం.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది ఆటగాళ్లు దెబ్బతింటారు. టర్మ్ పాలసీ ప్రాణం పోతేనే డబ్బిస్తుంది. మోకాలి లిగమెంట్ తెగితే రూపాయి రాదు. ఆ గాయం నుంచి తిరిగి మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. మామూలు యాక్సిడెంట్ పాలసీల్లో చాలావాటికి ప్రొఫెషనల్ క్రీడలు మినహాయింపు. వృత్తి దగ్గర ‘ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు’ అని స్పష్టంగా రాసి, మ్యాచ్‌లో గాయానికి కవరేజీ ఉందని కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే ప్రీమియం కట్టండి. సర్జరీ, రిహాబ్ ఖర్చులు క్లబ్ ఎన్నాళ్లు భరిస్తుందో కాంట్రాక్టులో చూడండి.

జీతం ఆలస్యమైతే మొహమాటపడి ఊరుకోవద్దు. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బకాయి పడితే, 15 రోజుల గడువిస్తూ రాతపూర్వక నోటీసు ఇచ్చాక ఆటగాడు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. భైచుంగ్ భూటియా తదితరులు మొదలుపెట్టిన ఆటగాళ్ల సంఘం ఎఫ్‌పీఏఐలో సభ్యత్వం తీసుకోండి. ఇలాంటప్పుడు ఒంటరిగా పోరాడాల్సిన పని ఉండదు.

అమ్మగారి మాట గురించి. ఆమె చెప్పింది నిజంగా మంచి సలహా. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. అంటే మీ కాంట్రాక్టు ముగిసే సమయానికే ఆ తలుపు కూడా మూసుకుంటుంది. కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అప్లై చేయండి. కానీ ఇప్పుడే కాంట్రాక్టు వదులుకోమని నేను చెప్పను. ఉద్యోగంలో చేరితే డిపార్ట్‌మెంట్ జట్టుకు ఆడాలి, బయటి క్లబ్‌కు ఆడాలంటే వాళ్ల అనుమతి కావాలి. మొదటి సీజన్ అయ్యాక ఎన్ని మ్యాచ్‌ల్లో మొదటి పదకొండు మందిలో ఉన్నారో లెక్కపెట్టండి. సగానికి తక్కువైతే, రెండో ఏడాది చివర్లో ఉద్యోగం వస్తే తీసుకోండి. సగానికి పైనే అయితే ఆట కొనసాగించండి, అప్పుడు పైన చెప్పిన పొదుపే మీ ఉద్యోగ భద్రత.

ఇంటి విషయంలో నాన్నగారికి ఇలా చెప్పండి. రేపు ఆట ఆగిపోయి చిన్న ఉద్యోగంలో చేరినా కట్టగలిగేంత ఈఎంఐ ఉన్నప్పుడే ఇల్లు. రైల్వేలో లెవల్ 2 మూల వేతనం 19,900. అలవెన్సులు కలిపినా 15 వేల ఈఎంఐ దాటకూడదు. పదేళ్ల గడువు పెడితే దానికి సుమారు 12 లక్షల లోన్ వస్తుంది. రెండేళ్ల పొదుపు దానికి తోడైతే సొంత ఊళ్లో చిన్న ఇల్లు సాధ్యమే, అదీ నాన్నగారి డబ్బు ముట్టుకోకుండా. ఫ్లాట్‌కు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, రసీదులో వాపసు షరతు ఏముందో చూసి నాకు మళ్లీ రాయండి.

సీజన్ అయిపోయాక ఇంటికి వచ్చినప్పుడు, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్స్ కోచింగ్ కోర్సు ఎక్కడ జరుగుతుందో కనుక్కుని చేరిపోండి. ఆ ఫీజు రసీదు కూడా బిల్లుల ఫైల్‌లోనే పెట్టుకోండి.