చెక్ భాష: పై తరగతి సందేహాలు

ప్రశ్న: బీ2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో పై మధ్య మెట్టు) దాటాను. ఏడు విభక్తులూ వచ్చేశాయి. అయినా వ్యాసాల్లో క్రియల కిందే ఎర్ర గీతలు పడుతున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చిక్కు కాలంతో కాదు, చెక్‌లో ‘విద్’ అనే క్రియాలక్షణంతో. అక్కడ చాలా క్రియలు జంటలుగా ఉంటాయి. ‘ప్సాత్’ అంటే రాస్తూ ఉండడం, ‘నప్సత్’ అంటే రాసి ముగించడం. ‘మూడు గంటలు ఉత్తరం రాశాడు, కానీ పూర్తి కాలేదు’ అనడానికి ‘ప్సాల్’ కావాలి, ‘నప్సల్’ పనికిరాదు. రాశాడు, రాసేశాడు అనే తేడాగా పట్టుకుంటే సగం దారి నడిచినట్టే.

మిగతా సగంలో తెలుగు సాయానికి రాదు. ‘మొదలుపెట్టు’, ‘మానేయి’ వంటి మాటల పక్కన మొదటి రకమే (‘ప్సాత్’ లాంటిది) రావాలి: ‘జచల్ ప్సాత్’ (రాయడం మొదలుపెట్టాడు). భవిష్యత్తుకు ‘బుదు ప్సాత్’ ఉంది కదా అని ‘బుదు నప్సత్’ రాస్తే తప్పు; ‘నపీషు’ అనే వర్తమాన రూపమే ఆ పని చేస్తుంది. వద్దని చెప్పేటప్పుడు కూడా రకం మారుతుంది. కిటికీ తెరువు అంటే ‘ఒతెవ్ర్ఝి’, తెరవకు అంటే ‘నెఒత్వీరెయ్’. మరి పడిపోకు అనడానికి రెండో రకమైన ‘నెస్పద్ని’ ఎందుకు? అది ఆజ్ఞ కాదు, ‘పడతావ్, పైలం’ అనే హెచ్చరిక.

నోటుబుక్కులో ప్రతి క్రియకూ నాలుగు గళ్లు గీయండి: మొదటి రూపం, రెండో రూపం, తోడొచ్చే ఉపపదం, విభక్తి అంకె. ‘చెకత్ న’ (ఎదురుచూడు)కు 4, ‘బాత్ సె’ (భయపడు)కు 2, ‘రొజుమ్యెత్’ (అర్థం చేసుకో)కు 3. ఈ అంకెలు మనవాటితో కలవవు. మన ద్వితీయ వాళ్లకు నాలుగోది, మన షష్ఠి వాళ్లకు రెండోది, అయిదోదేమో సంబోధన. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

నిఘంటువుతో అనుమానం తీరకపోతే చెక్ జాతీయ కార్పస్‌లో (రచనల నుంచి సేకరించిన వాక్యాల భండారం) ఉచితంగా పేరు నమోదు చేసుకుని, 10 కోట్ల పదాల ‘సిన్2020’లో రెండు రూపాలూ వెతికి, ఒక్కోదానికి 20 వాక్యాలు చదవండి.

ప్రశ్న: ప్రాగ్‌లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఒకటి. ఏది నేర్చుకోవాలి?
– పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: బస్టాండులో ‘యాడికి వోతున్నవ్’ అని, పరీక్షలో ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని రాసే పాలమూరు వాళ్లకు ఇది కొత్త సంగతా? రెండూ కావాలి. ‘దొబ్రీ’ (మంచి) ‘దొబ్రెయ్’ అవుతుంది, ‘మ్లేకొ’ (పాలు) ‘మ్లీకొ’ అవుతుంది, ‘ఒక్నొ’ (కిటికీ) ‘వొక్నొ’ అవుతుంది. మనం ‘ఒక’ను ‘వొక’ అనడం లేదూ, అచ్చం అట్లనే. వింటే అర్థం కావాలి; సెమినార్ పత్రంలో మాత్రం రాయొద్దు. ముఖ్యంగా బహువచనంలో మన తృతీయకు (వాళ్ల ఏడోదానికి) ‘-మ’ ప్రత్యయం, ‘మేమైతే చేసేవాళ్లం’ వంటి మాటల్లో ‘బిఖొమ్’ బదులు ‘బిస్మె’ చటుక్కున దొర్లుతాయి. తూర్పున బ్ర్నో, మొరావియా వైపు మాండలికాలు వేరు, ప్రాగ్ యాస అక్కడ అతకదు.

ప్రశ్న: పాత గద్యంలో ‘ద్యెలయె’, ‘ఉద్యెలవ్’ లాంటి రూపాలు అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: చెక్ వ్యాకరణం వీటిని ‘ప్ర్ఝెఖొద్నీక్’ అంటుంది. ‘ద్యెలయె’ మన ‘చేస్తూ’, ‘ఉద్యెలవ్’ మన ‘చేసి’. తెలుగులో ఇవి మారవు. అక్కడ కర్త లింగవచనాలను బట్టి ‘ద్యెలయె, ద్యెలయీత్స్, ద్యెలయీత్సె’ అవుతాయి. గుర్తుపట్టడం వరకు చాలు. నేటి రచనలో వాడితే పురాణం చదివినట్టుంటుంది.

ప్రశ్న: అక్కడ చదవాలంటే ఫీజు ఎంత?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ మాధ్యమమైతే, నిర్ణీత గడువులో ముగిస్తే, విదేశీయులకూ ట్యూషన్ ఫీజు లేదు. ఇంగ్లిష్ మాధ్యమానికి ఉంటుంది. దరఖాస్తు రుసుము, అక్కడ ఉండే ఖర్చు వేరు. భాషా సామర్థ్యానికి చార్లెస్ విశ్వవిద్యాలయం ఏ1 నుంచి సీ1 దాకా సీసీఈ (విదేశీయులకు చెక్ భాషా ధ్రువపత్ర) పరీక్షలు పెడుతుంది. ఏ కోర్సుకు ఏ స్థాయి అడుగుతారో ఆ విభాగం ప్రకటనలోనే చూడండి.